ఏడో నిమిషం

కంప్యూటర్ తెర నల్లబడింది. లోపల ఫ్యాన్ల రొద టక్కున ఆగిపోయింది. రావియా గోడ గడియారం వంక చూసింది. బొమ్మ మొదలుపెట్టి ఏడు నిమిషాలు. నిన్న నాలుగుసార్లు ఆగిపోతే నాలుగుసార్లూ ఏడుకి కాస్త అటూ ఇటూనే. కాగితం మీద వరసగా రాసుకున్న అంకెల కింద ఇంకో ఏడు వేసి, పెన్సిల్ని బల్ల మీదికి విసిరికొట్టింది.

"పోయిందా మళ్ళీ?" పక్క గదిలోంచి మొగుడు వగ్దీ కేకేశాడు, కరెంటు పోయిందా అని అడిగినంత తేలిగ్గా.

"పోయింది."

"దానికి నువ్వు మరీ ఎక్కువ పని చెప్తున్నావ్ రావియా. కొత్తది కదా, నెమ్మదిగా అలవాటు చెయ్యాలి."

అలవాటు చెయ్యడానికి అదేమన్నా కొత్త చెప్పుల జతా? రావియాకి ఒళ్ళు మండింది కానీ జవాబివ్వలేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయనకి జవాబివ్వడం మానేసిన సంగతులు చాలా ఉన్నాయి. వాటిలో ఇదీ కలిసిపోయింది. ఆవిడకి సాయంగా ఉంటానని ఆయన మంగళ, బుధవారాలు ఆఫీసుకి సెలవు పెట్టాడు. ఆ సాయం ఏమిటంటే గంటకోసారి ఇలా కేకేసి అడగడం.

రావియా పందొమ్మిదేళ్ళుగా దుమ్యాత్ పట్టణంలో హాజీ షలబీ గారి ఫర్నిచర్ కార్ఖానాలో డ్రాయింగులు గీస్తోంది. బంగారు పూత సోఫాలు, సింహం కాళ్ళ బల్లలు, పెళ్ళికూతుళ్ళ మంచాలు, అన్నీ ఆమె చేతిలోంచి వచ్చినవే. హాజీ ఆ డ్రాయింగుల మీద టీ గ్లాసు పెడతాడు. సిగరెట్టు పీక కూడా వాటి మీదే నలుపుతాడు. కొనడానికి వచ్చినవాళ్ళతో "మా మేనల్లుడి డిజైను" అని గొప్పలు పోతాడు. ఆ మేనల్లుడికి పెన్సిల్ ఎటువైపు చెక్కాలో కూడా తెలియదు. అక్కడే నిలబడి ఉన్న రావియాని గడ్డంతో చూపించి "ఈవిడ గీతలు సాపు చేస్తుంది" అంటాడు. ఆ మాట విని విని ఆమె విసిగిపోయింది.

కువైట్‌లో ఇళ్ళు అలంకరించే కంపెనీ ఒకటి ఎవరి ద్వారానో ఆమె పని చూసింది. ఆ కంపెనీ నడిపే బదూర్ మేడం తనే ఫోన్ చేసి, పెళ్ళివారింటి హాలొకటి గీసి ముప్ఫై వైపులనుంచి ముప్ఫై బొమ్మలు పంపమంది. నచ్చితే ఇంట్లో కూర్చునే పని చేసుకోవచ్చు. ప్రతి బొమ్మ కిందా రావియా పేరు ఉంటుంది. గడువు గురువారం మధ్యాహ్నం. హాలు గీయడం ఎప్పుడో అయిపోయింది. ఆ గీతలకి వెలుగూ నీడా పట్టించి నిజం హాలులా చూపించే పని కంప్యూటర్‌ది. ఒక్కో బొమ్మకి పది నిమిషాలు కావాలి. ఈ దరిద్రం ఏడో నిమిషంలో ఆగిపోతోంది. ఇవాళ బుధవారం. ఆదివారం నుంచి ఇప్పటిదాకా ఒక్క బొమ్మ కూడా పూర్తి కాలేదు. పోనీ కార్ఖానా కంప్యూటర్ మీద చేద్దామంటే, అక్కడ చేసిన బొమ్మ ఏదైనా మేనల్లుడిదే అవుతుంది. పంటి నొప్పని హాజీకి చెప్పి పెట్టిన సెలవు రేపటితో సరి.

కార్ఖానా ఆడవాళ్ళంతా కట్టుకునే చీటీలో తన వంతు రాగానే ఆమె ఈ కంప్యూటర్ కొంది. ఏ భాగం ఎలాంటిది కావాలో నెల రోజులు చదువుకుని, అన్నీ కాగితం మీద రాసుకుని, శనివారం నాడు దుకాణానికి వెళ్ళింది. వగ్దీ కూడా తయారై వెంట వచ్చాడు. రాకపోతేనే బాగుండేది.

వగ్దీ వాహనాల లైసెన్సులిచ్చే ఆఫీసులో గుమాస్తా. చదివింది కామర్సు. ఈ దేశంలో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని జేబులో పెన్ను పెట్టుకున్న ప్రతి మగాడూ ఇంజనీరు గారే. టాక్సీవాడు అలాగే పిలుస్తాడు, చేపలవాడూ అలాగే పిలుస్తాడు. మిగతావాళ్ళు ఆ పిలుపుని సలాములా అందుకుని వదిలేస్తారు. వగ్దీ మాత్రం పదిహేనేళ్ళుగా దాన్ని ఒంటికి పట్టించుకున్నాడు. ఇంట్లో కుళాయి కారితే ఇంజనీరులా చూస్తాడు, బల్బు మారిస్తే ఇంజనీరులా వెనక్కి జరిగి చూస్తాడు. దుకాణంలో భాగాలు బిగించే రిఫాత్ నలభై ఏళ్ళ మనిషి, పని తెలిసినవాడు. ఆయన "రండి ఇంజనీరు గారూ" అని స్టూలు లాగాడో లేదో, వగ్దీ ఆ స్టూలు మీద చేరి తనే బిగిస్తున్నంత హడావుడి మొదలుపెట్టాడు.

"ఇంతమంది మగాళ్ళ మధ్య నువ్వెందుకు నిలబడ్డం? వెళ్ళి మిషబ్బక్ కొనుక్కురా, వేడివేడిగా. మంచి పని మొదలెట్టాం, నోరు తీపి చేసుకుందాం. ఇక్కడ నేను చూసుకుంటాగా," అన్నాడు.

పాకం కారే ఆ చుట్టల పొట్లం పట్టుకుని ఆమె తిరిగొచ్చేసరికి పెట్టె మూసేసి ఉంది. తెరిస్తే వారంటీ చెల్లదని పక్కన ఎర్ర కాగితం కూడా అంటించేశారు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని టాక్సీలో ఇంటికి వస్తూ రావియా ఎంత మురిసిపోయిందో, ఇప్పుడు తల్చుకుంటే తన మీద తనకే రోత పుట్టింది.

ఆదివారం మొదటిసారి ఆగిపోయింది. మొదట కరెంటనుకుంది. ఫ్రిజ్ ఆడుతోంది, దీపం వెలుగుతోంది. ప్లగ్గు మార్చింది, ఆగింది. లోపలి మెమరీ పలకలు ఊడదీసి తుడిచి పెడితే బాగవుతుందని ఎక్కడో చదివింది కానీ పెట్టె తెరవకూడదాయె. సోమవారం పొద్దున వగ్దీ ఆఫీసుకి వెళ్తుంటే, రిఫాత్‌కి ఫోన్ చేసి అడగమని మరీ మరీ చెప్పింది. సాయంత్రం ఆయన వచ్చి బూట్లు విప్పుకుంటూ, "అడిగాను. వస్తువులో ఏం లోపం లేదన్నాడు. లోపల వేసిన సాఫ్ట్‌వేర్‌దేనంట," అన్నాడు.

అంతే, ఆయన అన్నగారు షుక్రీ దిగబడ్డాడు. ఆయనది సెల్‌ఫోన్లకి తొడుగులు అమ్మే దుకాణం. ఆయనా ఇంజనీరు గారే. వస్తూనే బల్ల మీద మిగిలిన మిషబ్బక్ పళ్ళెం ముందుకి లాక్కుని, పాకం వేళ్ళతోనే కొత్త కీబోర్డు మీద పడ్డాడు.

"ఇది వైరస్ అమ్మాయ్. చూడగానే తెలిసిపోయింది నాకు."

"కొత్త మిషన్ బావగారూ. ఇంటర్నెట్టే సరిగ్గా పెట్టలేదింకా. వైరస్ ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"గాల్లోంచి వస్తుందా అని అడుగుతోందిరా మీ ఆవిడ!" అని ఆయన పళ్ళికిలించాడు. తమ్ముడు కూడా నవ్వాడు. "మొత్తం తుడిచేసి మళ్ళీ వేస్తాను. ఒక్క అరగంట."

అరగంట కాస్తా నాలుగు గంటలైంది. మొత్తం తుడిచేశాడు. హాలు గీసిన ఫైలు ఆమె ముందే వేరేచోట దాచుకుంది కాబట్టి బతికిపోయింది. వెళ్ళేముందు ఆయన వేళ్ళు నాక్కుని, ఆ చెయ్యి కర్టెన్‌కి తుడిచి, "ఇక పరిగెడుతుంది చూడు," అన్నాడు. పరిగెత్తింది, ఏడు నిమిషాలు. రావియా ఆ రాత్రి స్పిరిట్టూ దూదీ పెట్టుకుని కీబోర్డులో ఒక్కో మీటా తుడుస్తూ కూర్చుంది. ఆ జిడ్డు ఎంతకీ పోలేదు.

మంగళవారం ఆమెకి ఇంకో అనుమానం వచ్చింది. కంప్యూటర్ పెట్టింది ముందుగదిలో. ఆ గదిలో మనుషులు కూర్చోరు, వస్తువులు కూర్చుంటాయి. పెళ్ళినాటి సోఫాలకి వేసిన ప్లాస్టిక్ తొడుగులు ఇరవై రెండేళ్ళుగా అలాగే ఉన్నాయి, పచ్చబడి, అంచుల్లో మురికి పేరుకుని. ఎండాకాలం ఎవరైనా కూర్చుని లేస్తే చర్మం వాటికి అంటుకుని చర్రుమంటుంది. రిమోట్‌కి ప్లాస్టిక్, టెలిఫోన్‌కి ప్లాస్టిక్. వస్తువు మీద పొర ఉన్నంతకాలం అది కొత్తదని వగ్దీ నమ్మకం. కంప్యూటర్ పెట్టెకి పక్కనున్న అద్దం మీది పొర కూడా ఆయన తియ్యనివ్వలేదు. పైగా దుమ్ము పడకుండా నెత్తిన ఓ ప్లాస్టిక్ సంచి తగిలించాడు. ఉక్కపోసి ఆగిపోతోందేమోనని రావియా ఆ సంచి లాగి పారేసింది. అద్దం మీది పొర గోటితో పట్టి బరబరా ఒలిచింది.

"అయ్యో అయ్యో, కొత్త వస్తువు! పదేళ్ళ తర్వాత అమ్మితే మంచి ధర వచ్చేది!" అని వగ్దీ గుండెలు బాదుకున్నాడు.

మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ఏడో నిమిషం. వగ్దీ మొహం విప్పారింది. "చూశావా? నా ప్లాస్టిక్ ఏం పాపం చేసింది? ఊరికే ఒలిచేశావ్," అన్నాడు. ఆ తర్వాత పుదీనా వేసి టీ పెట్టుకొచ్చాడు. ఆమె తల నిమిరాడు. "మనకి రాసిపెట్టి లేదనుకుందాం. హాజీ దగ్గర ఉద్యోగం ఎక్కడికీ పోదుగా. ఏడవకు," అన్నాడు. ఆవిడ టీ తాగింది.

ఇదీ బుధవారం పొద్దుటిదాకా జరిగింది. ఇప్పుడు విసిరేసిన పెన్సిల్ దొర్లి కిందపడింది. రావియా దానికోసం వంగింది. వంగినప్పుడు చెయ్యి కంప్యూటర్ వెనక జాలీకి ఆనింది. అక్కణ్ణుంచే కదా లోపలి వేడి బయటికి రావాలి. జాలీ చల్లగా ఉంది.

ఆమె అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయింది. మళ్ళీ మీట నొక్కింది. ఈసారి బొమ్మ పక్కనే, లోపలి వేడి ఎంతుందో చెప్పే అంకె కూడా తెర మీదికి తెచ్చింది. అరవై. ఎనభై. తొంభై. ఫ్యాన్ చెవులు చిల్లులు పడేలా తిరుగుతోంది. జాలీ దగ్గర అరచెయ్యి పెట్టింది. గాలి జోరుగా వస్తోంది, చల్లగా వస్తోంది. అంకె తొంభై తొమ్మిదికి చేరింది. అంతలో అన్నీ ఆగిపోయాయి.

కింద పొయ్యి భగభగ మండుతుంటే పైన పెనం చల్లగా ఉందంటే, రెండూ తగలడం లేదన్నమాట. మధ్యలో ఏదో ఉంది. లెక్కలు చేసి బల్లల కాళ్ళు గీసే మనిషికి ఇది అర్థం కావడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. వంటింట్లోకి వెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చింది.

ఎర్ర కాగితం చిరిగిన చప్పుడుకి వగ్దీ పరిగెత్తుకొచ్చాడు. "ఏం చేస్తున్నావ్? వారంటీ పోతుంది! ఆగు!"

"పోనీ."

"రావియా, వద్దంటున్నానా. నీకు తెలీదు. ఇది ఇంజనీర్లు చేసే పని." ఆయన మొహం పాలిపోయింది. అంత కంగారు ఆయన మొహంలో ఆమె ఎన్నడూ చూడలేదు. అప్పటికి అది వారంటీ కోసమే అనుకుంది.

నాలుగు మరలు విప్పింది. ప్రాసెసర్ మీద కూర్చున్న కూలర్ని, ఆ లోహపు దిమ్మని రెండు చేతులా పట్టుకుని కాస్త మెలితిప్పి పైకి లాగింది. దుర్వాసన గుప్పుమంది. తిరగేసి చూసింది. రాగి పలక మీద పలచటి ప్లాస్టిక్ పొర. ఉడికిపోయి, ముడతలు పడి, మాడిన పాల మీగడలా గోధుమరంగుకి తిరిగింది. ఒక మూల మాత్రం ఎవరో ఒలవబోయి మానేసినట్టు పైకి లేచి ఉంది. దాని మీద ఎర్రటి అక్షరాలు ఇంకా చదవగలిగేలా ఉన్నాయి: బిగించే ముందు ఇది తీసేయండి.

రావియా ఆ పొరని గోటితో పట్టి లాగింది, జిగటగా వేళ్ళకి అంటుకుంది. మూడు రోజులు. మొత్తం తుడవడం, కీబోర్డు మీద ఆ పాకం, తల నిమరడం, అన్నీ దీనికోసమా!

"నాకు బజార్లో కొంచెం పనుంది," అన్నాడు వగ్దీ వెనకనుంచి.

ఆమె ఆయన్ని పట్టించుకోలేదు. దుకాణం బిల్లు వెతికి, దాని మీదున్న నంబరుకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది. చేతులకి ఆ జిగట అంటుకుని ఉంది మరి.

"రిఫాత్ గారూ, శనివారం కంప్యూటర్ బిగించారే, వాళ్ళింటి నుంచి. కూలర్ కింద ప్లాస్టిక్ వదిలేశారు మీరు. సిగ్గు లేదూ? పనివాడేనా మీరు?"

"ఇంకా తియ్యలేదా అమ్మా అది?" అన్నాడు రిఫాత్.

"ఇంకా అంటే?"

"నేను వదిలెయ్యలేదమ్మా. ఒక మూల ఒలిచాను కూడా. మీ ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. 'కొత్త వస్తువు, పొర తియ్యకు, ఎలా ఉందో అలా బిగించు' అన్నాడు. ఇది అలాంటి పొర కాదు సార్, తీసి తీరాలి అని రెండుసార్లు చెప్పాను. 'నేను ఇంజనీర్ని, నువ్వు నాకు నేర్పుతావా' అన్నాడు దుకాణంలో అందరి ముందూ. నాకూ తిక్కరేగింది. సరే, మీ ఇష్టం ఇంజనీరు గారూ అని బిగించేశా. ఆ తప్పు నాది. కాదనను. కానీ సోమవారం ఆయనే ఫోన్ చేసి ఆగిపోతోందన్నాడు కదా. అప్పుడే చెప్పానుగా, ఆ పొర తీసేస్తే సరిపోతుంది, తీసుకురండి, ఐదు నిమిషాల పని అని. తీసుకొస్తానన్నాడు. రాలేదు."

రావియా తల తిప్పి చూసింది. వగ్దీ గుమ్మంలో ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడేం చెయ్యమంటారు?" అంది ఫోన్‌లోకి.

"పలకని స్పిరిట్టుతో శుభ్రంగా తుడవండి. కూలర్ పెట్టెలో చిన్న గొట్టం ఉంటుంది, బూడిదరంగు పేస్టు. శనగగింజంత పెట్టి బిగించండి, చాలు. నేను రానా అమ్మా?"

"అక్కర్లేదు," అని పెట్టేసింది.

వగ్దీ చేతిలో చెప్పు కింద పడేశాడు. గొంతు సవరించుకున్నాడు. "అంత చిన్న పొర ఇంత పని చేస్తుందని ఎవరనుకుంటారు?"

"సోమవారమే తెలుసు నీకు."

"చెప్దామనే అనుకున్నా. అన్నయ్య వచ్చీరాగానే వైరస్ అనేశాడు. నువ్వేమో నెల రోజులు చదివి మరీ కొన్నావు. నేను పొర తియ్యనివ్వలేదని చెప్తే... నలుగురిలో నా పరువేం కాను?" అని కాస్త ముందుకి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "ఇదిగో, అన్నయ్యకి మాత్రం చెప్పకు. వైరసే అందాం."

ఆమెకి కోపం రావాలి. రాలేదు. కోపం మనుషుల మీద వస్తుంది. ఇది సబ్బుతో రుద్దినా వేళ్ళని వదలని ఈ జిగట లాంటి రోత. నిన్న తాగిన పుదీనా టీ గుర్తొచ్చింది. అంతా తెలిసి, గ్లాసులో చక్కెర కలిపి, తన తల నిమిరిన చెయ్యి గుర్తొచ్చింది. ఏడవకు అన్నాడు. హాజీ దగ్గర ఉద్యోగం ఎక్కడికీ పోదన్నాడు. తన పరువు దక్కడానికి ఆవిడ ఇంకో పందొమ్మిదేళ్ళు గీతలు సాపు చేసుకున్నా ఆయనకి సమ్మతమే. హాజీ నయం, డ్రాయింగు మీద సిగరెట్టు ఆమె కళ్ళముందే నలుపుతాడు.

"చెప్పు తొడుక్కో, బజార్లో పనుందన్నావుగా," అంది.

ఆయన వెళ్ళాక పలక తుడిచింది. పేస్టు పెట్టింది. నాలుగు మరలూ బిగించి మీట నొక్కింది. అంకె అరవై ఐదుకి వచ్చి అక్కడే నిలబడిపోయింది. జాలీలోంచి వెచ్చటి గాలి వచ్చి మోచేతికి తగిలింది. ఏడో నిమిషం దాటింది. పదో నిమిషంలో హాలు మొత్తం వెలుగుతో తెర మీదికి వచ్చింది, కుర్చీల నీడలతో సహా. ఆమె పెద్దగా ఏడ్చింది. కిటికీ తెరిచే ఉంది, ఎవరు వింటే ఏం.

సూర్యాస్తమయానికి ముప్ఫై బొమ్మలూ పూర్తయ్యాయి. గురువారం పొద్దున్నే పంపేసింది. మధ్యాహ్నం నమాజు వేళకి ఫోన్ మోగింది. వగ్దీ అప్పటికి కాస్త ధైర్యం తెచ్చుకుని, ప్లాస్టిక్ సోఫా అంచున వచ్చి కూర్చున్నాడు. రావియా స్పీకర్ పెట్టింది.

"రావియా, నువ్వు ఇన్నాళ్ళూ ఎక్కడున్నావమ్మా?" అంది బదూర్ మేడం. "మా వాళ్ళందరూ నీ బొమ్మలే చూస్తున్నారు. ఆదివారం నుంచే మొదలుపెట్టెయ్. ఎవరి ముందూ తల వంచక్కర్లేదు, ఇంట్లోనే హాయిగా చేసుకో. మీ ఆయన సాయంగా ఉంటాడు కదా?"

"ఉంటాను మేడం, నేనుంటాను," అని వగ్దీ సోఫాలోంచే గొంతు కలిపాడు. "ఇక్కడ అన్నీ నేను చూసుకుంటా."

రావియా ఫోన్‌ని దగ్గరికి తీసుకుంది. "ఆదివారం నుంచి చేస్తాను మేడం. కానీ ఇంట్లో కాదు. ఎక్కడినుంచి అన్నది రెండ్రోజుల్లో చెప్తాను," అని పెట్టేసింది.

వంగి కంప్యూటర్ వెనకనున్న వైర్లు ఒక్కొక్కటే ఊడదీయడం మొదలుపెట్టింది.

"ఏంటిది? ఎక్కడికి తీసుకెళ్తావ్ దాన్ని?" వగ్దీ లేచి నిలబడ్డాడు.

"చెడిపోతే నిజం చెప్పే మనుషులున్న చోటికి," అంది రావియా, ఆఖరి వైరు లాగుతూ.